మండలంలో ఉచిత పళ్ళ వైద్యం: ఖర్చు అంచనా తప్పిపోకుండా వేయడం ఎలా

కోనసీమలోనో, భీమవరం అవతల ఏ ఆకివీడు వైపో, మీ మండలంలో అందరికీ ఉచితంగా పళ్ళ వైద్యం అందించాలని మీరు అనుకున్నారు. పంచాయతీలు తీర్మానం చేశాయి. సీఎస్ఆర్ కింద, అంటే సామాజిక బాధ్యతగా పెట్టే ఖర్చు కింద, డబ్బిస్తామని ఒక కంపెనీ అంది. బడి పూర్వ విద్యార్థులు కొంత వేసుకుంటామన్నారు. ఇక ఎంతవుతుందో కాగితం మీద పెట్టాలి. చాలా మంచి పనులు ఈ కాగితం దగ్గరే ఆగిపోతాయి. వేసిన అంకె అందరికీ భయం పుట్టించేంత పెద్దదైనా అవుతుంది, లేకపోతే రెండో ఏడు సగంలోనే డబ్బు అయిపోయి డెంటల్ చెయిర్ మీద దుప్పటి కప్పాల్సి వచ్చేంత చిన్నదైనా అవుతుంది.

ఈ లెక్కల్లో తప్పు జరిగేది కూడికలు, హెచ్చవేతల దగ్గర కాదు. కంప్యూటర్లో ఎక్సెల్ షీటు ఆ పని చక్కగానే చేస్తుంది. ఎంతమంది వస్తారు, వచ్చినవాళ్ళకి ఏం చేయాల్సి వస్తుంది అనే రెండు ప్రశ్నలకి ఊహతో జవాబు రాసేసి ముందుకు పోతాం. తప్పంతా అక్కడ ఉంటుంది. అందుకే కింద చెప్పే పనుల్లో సగానికి పైగా ఆ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి.

ముందు జబ్బున్నవాళ్ళని, వచ్చేవాళ్ళని వేరు చేయండి

2002-03లో డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చేసిన జాతీయ సర్వేలో ఐదేళ్ళ పిల్లల్లో దాదాపు 52 శాతం మందికి, పన్నెండేళ్ళ వాళ్ళలో దాదాపు 54 శాతం మందికి, 35-44 ఏళ్ళ వాళ్ళలో 80 శాతం మందికి పిప్పి పళ్ళ సమస్య ఉన్నట్టు తేలింది. చాలామంది ఇక్కడి నుంచే లెక్క మొదలుపెడతారు. మీ మండల జనాభా 60,000 అనుకుందాం. సగటున 70 శాతం మందికి సమస్య ఉందనుకుంటే 42,000 మంది. మనిషికి వెయ్యి రూపాయలు వేస్తే 4 కోట్ల 20 లక్షలు. కాగితం చూసిన పెద్దమనిషి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేస్తాడు. (ఈ 60,000 దగ్గర్నించి కింద నేను వేసే మండల లెక్కలన్నీ పద్ధతి చూపించడానికి వేసినవే. మీ అంకెలు మీరు పెట్టుకోవాలి.)

ఆ 42,000లో ఎక్కువమందికి ఇవాళ నొప్పి లేదు. నొప్పి లేనివాడు పన్ను చూపించుకోవడానికి రాడు. నొప్పి ఉన్నవాళ్ళలో కొందరు లవంగం నూనె పెట్టుకుంటారు, కొందరు మందుల షాపులో మాత్ర అడిగి వేసుకుంటారు. డబ్బున్నవాళ్ళు అమలాపురమో, పాలకొల్లో వెళ్ళి ప్రైవేటు డాక్టరుకి చూపించుకుంటారు. మిగిలినవాళ్ళు మీ దగ్గరికి వస్తారు. కాబట్టి ఒక్క హెచ్చవేతతో పని కాదు. జబ్బు ఉన్నవాళ్ళు, వాళ్ళలో నొప్పి తెలిసినవాళ్ళు, వాళ్ళలో మీ దగ్గరికి రాగలిగినవాళ్ళు, వచ్చాక చికిత్స పూర్తయ్యేదాకా తిరిగేవాళ్ళు: నాలుగు గళ్ళు పెట్టండి. ప్రతి గడి పక్కనా ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఒక ముక్క రాయండి. రాయడానికి ఏమీ దొరకని గడి ఉంటే దానికి ఎర్ర రంగు వేసి అలాగే ఉంచండి. దాన్ని అందంగా నింపేయకండి.

తర్వాత ఒక్క కుర్చీ ఎంతమందిని మోయగలదో చూడండి

ఇది పది నిమిషాల పని, కానీ సగం అంచనాల్లో కనపడదు. ఒక డాక్టరు, ఒక కుర్చీ, రోజుకి ఆరు గంటలు. చూసి మందు రాయడానికి పది నిమిషాలు చాలు. పన్ను తీయడానికి అరగంట పట్టొచ్చు, రూట్ కెనాల్ ఒక్కో సిట్టింగుకి ముప్పావు గంట. మధ్యలో కుర్చీ తుడవడం, పరికరాలు మార్చడం ఉంటాయి. సగటున 24 నిమిషాలు వేసుకుంటే రోజుకి 15 మంది. ఆదివారాలు, పండగలు, సెలవులు, ట్రైనింగులు, కుర్చీ రిపేరులో ఉన్న రోజులు తీసేస్తే ఏడాదికి 230 రోజులు మిగిలాయనుకోండి. మొత్తం 3,450 సార్లు. ఒక్కో మనిషి సగటున 2.3 సార్లు రావాల్సి వస్తే 1,500 మందికి పూర్తి వైద్యం అందుతుంది.

42,000 మందికి ఈ లెక్కన 28 ఏళ్ళు పడుతుంది. అంటే మొదటి కాగితం మీద ఉన్న 4 కోట్లు ఇచ్చినా ఖర్చు పెట్టడానికి మీ దగ్గర చేతులే లేవు. ఈ మాట ముందే తెలిస్తే చర్చ తీరే మారిపోతుంది. ‘అందరికీ’ అనే మాట పక్కన పెట్టి, ముందు బడి పిల్లలా, గర్భిణులా, అరవై దాటినవాళ్ళా అని మాట్లాడుకోవడం మొదలవుతుంది.

ఓపీ రిజిస్టరు ముందు కూర్చోండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇది. మీకు దగ్గర్లో డెంటల్ డాక్టరున్న సామాజిక ఆరోగ్య కేంద్రం (సీహెచ్‌సీ) గానీ, ఏరియా ఆసుపత్రి గానీ ఉంటుంది. సూపరింటెండెంట్‌కి ఒక లెటరు పెట్టి, పేర్లు లేకుండా ఏడాది రిజిస్టరు లెక్కలు రాసుకోవడానికి అనుమతి అడగండి. పేర్లు మీకు అక్కర్లేదు. ఓపీ నంబరు, వయసు, ఆడా మగా, ఊరు, ఏం చేశారు, మళ్ళీ వచ్చారా. అంతే.

‘ఏం చేశారు’ అనే గడిలో డాక్టరు రాసేది జాగ్రత్తగా చూడండి. ‘మందులు’ అని ఉంటుంది. ‘ఎక్స్‌ట్రాక్షన్’ అని ఉంటుంది. ‘అడ్వైజ్డ్ ఆర్‌సీటీ’ అని ఉంటుంది, అంటే రూట్ కెనాల్ చేయించుకోమని చెప్పి పంపించారు. ఆ మూడో రకం వరసలకి టిక్కు పెట్టుకుని, అదే ఓపీ నంబరు తర్వాతి నెలల్లో ఎక్కడైనా మళ్ళీ కనిపిస్తుందేమో వెతకండి. కనిపించనివాళ్ళు ఎక్కడికి పోయారు? కొందరు ప్రైవేటుకి వెళ్ళి ఉంటారు. మందుతో నొప్పి తగ్గి కొందరు ఊరుకుని ఉంటారు. కొందరు కొన్నాళ్ళకి పన్ను పీకించుకోవడానికే వస్తారు. మీరు రేపు రూట్ కెనాల్ ఉచితం అని బోర్డు పెడితే తిరిగొచ్చేది ముందు వీళ్ళే. మీ పథకం అసలు భారం ఆ ఖాళీ వరసల్లో ఉంది, ఏ సర్వే పుస్తకంలోనూ దొరకదు.

ఊరి పేర్ల గడి కూడా కూడండి. ఆసుపత్రి ఉన్న ఊరు, రోడ్డు పక్క ఊళ్ళు ఎక్కువసార్లు వస్తాయి. లంక గ్రామాలు ఒకటీ అరా కనిపిస్తాయి. ఆ ఊళ్ళలో పళ్ళు బాగున్నాయని దానర్థం కాదు. పడవ దాటి, ఆటో ఎక్కి, రోజు కూలి వదులుకుని రావాలి కాబట్టి రావడం లేదు. రిజిస్టరు చూసి ‘అక్కడ అవసరం లేదు’ అని రాసేస్తే చాలా అన్యాయమైన తప్పు అవుతుంది. అలాంటి ఊళ్ళకి ఆశా కార్యకర్తని తోడు తీసుకుని ఓ పాతిక ఇళ్ళు తిరగండి.

మొదటి రెండేళ్ళకి వేరే లెక్క వేయండి

ఏళ్ళ తరబడి వాయిదా పడ్డ పళ్ళన్నీ తలుపు తీయగానే ఒక్కసారి వస్తాయి. పెద్ద దేశాలు కూడా ఇక్కడే దెబ్బతిన్నాయి. బ్రిటన్‌లో 1948 జులై 5న అందరికీ ఉచిత వైద్యం ఇచ్చే ప్రభుత్వ వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ మొదలైనప్పుడు కట్టుడు పళ్ళ కోసం, కళ్ళజోళ్ళ కోసం జనం అంచనాలకి అందనంతగా వచ్చారు. ఖర్చు తట్టుకోలేక 1951లో వాటికి రుసుము పెట్టారు. ఆ నిర్ణయం నచ్చక, ఆ వ్యవస్థని నిలబెట్టిన అన్యూరిన్ బెవన్ మంత్రి పదవికే రాజీనామా చేశారు.

ఆస్ట్రేలియాలో అంచనా రెండు వైపులా తప్పింది. దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్ళకి రెండేళ్ళలో మనిషికి 4,250 డాలర్ల దాకా ఇచ్చే పథకాన్ని 2007లో పెట్టారు. ఏడాదికి 9 కోట్ల డాలర్లు అవుతుందనుకున్నది, చివరికి నెలకే దాదాపు 8 కోట్లకి చేరిందని అక్కడి ప్రభుత్వమే చెప్పి 2012లో ఆపేసింది. క్యాపులు, బ్రిడ్జిలు లాంటి ఖరీదైన పనుల వాటా పెరగడం అందులో ఒక కారణం. 2014లో పిల్లల కోసం ఇంకో పథకం వచ్చింది. రెండేళ్ళకి పిల్లకి వెయ్యి డాలర్లు పరిమితి. ఈసారి అర్హులైన పిల్లల్లో మూడో వంతు అటూ ఇటూగానే వచ్చారు, అంచనా వేసినంత మంది రాలేదు. ఒకే దేశం, ఒకే రకమైన వైద్యం. మొదటిసారి ఎన్నో రెట్లు తక్కువ అంచనా, రెండోసారి ఎక్కువ అంచనా.

మీరు చేయాల్సింది ఏమిటంటే, పాత బకాయి పళ్ళకి ఒక పట్టిక, ఏటా కొత్తగా వచ్చే పళ్ళకి ఇంకో పట్టిక పెట్టండి. మొదటి రెండేళ్ళలో పన్ను తీయడం, రూట్ కెనాల్, కట్టుడు పళ్ళ సెట్లు ఎక్కువ ఉంటాయి. తర్వాత ఫిల్లింగులు, క్లీనింగ్ పెరగాలి. మొదటి ఏడు సగటుని ఐదేళ్ళకీ సాగదీస్తే ఎక్కువ చూపిస్తుంది. మూడో ఏడు సగటుతో మొదటి ఏడు నడిపితే ఆర్నెల్లకే డబ్బు అయిపోతుంది. ప్రైవేటుకి డబ్బిచ్చి చూపించుకుంటున్నవాళ్ళు ఉచితం అనగానే ఇటు తిరుగుతారని కూడా గుర్తుంచుకోండి. వాళ్ళని తప్పు పట్టాల్సిన పని లేదు, కానీ వాళ్ళకో గడి ఉండాలి.

ఒక్కో పనికి రేటు కట్టేటప్పుడు

ఇంగ్లండ్‌లో 2006లో తెచ్చిన ఒప్పందంలో డెంటిస్టులకి పనిని యూనిట్లలో లెక్కగట్టారు. పరీక్ష చేస్తే 1 యూనిట్, ఫిల్లింగులు, పన్ను తీయడం, రూట్ కెనాల్ లాంటివాటికి 3, క్యాపులు, కట్టుడు పళ్ళకి 12. ఒక్క పన్ను నింపినా, ఐదు పళ్ళు నింపినా అవే 3 యూనిట్లు. నోరంతా పాడైన మనిషిని చేర్చుకుంటే డాక్టరుకి నష్టం. 2022లో మూడు, అంతకన్నా ఎక్కువ పళ్ళకి 5 యూనిట్లు చేసి కొంత సర్దారు. మీరు ప్రైవేటు క్లినిక్కులతో ఒప్పందం పెట్టుకుని ‘పేషెంటుకి ఇంత’ అని ఒక్క రేటు కడితే ఇదే జరుగుతుంది. ఎక్కువ బాధలో ఉన్న ముసలమ్మని మళ్ళీ రమ్మంటారు, ఒక్క పన్నే పాడైన కుర్రాణ్ణి వెంటనే కూర్చోబెడతారు. పని రకాన్ని బట్టి, పళ్ళ సంఖ్యని బట్టి రేటు పెట్టండి.

మీరే కుర్చీ నడిపితే రేటు ఇంకోలా మోసం చేస్తుంది. జీతాలు, అద్దె, కరెంటు, మెయింటెనెన్స్ కలిపి ఏడాదికి 24 లక్షలు అనుకోండి. 3,450 సార్లు పని జరిగితే ఒక్కోసారికి సుమారు 696 రూపాయలు. సగమే, అంటే 1,725 సార్లే జరిగితే 1,391 రూపాయలు. మెటీరియల్ ఖర్చు దీనికి అదనం. ఎక్కడో పెద్ద ఊరి ఆసుపత్రి రేటు తెచ్చి మీ షీటులో పెట్టుకుంటే, అక్కడి జనం సంఖ్య కూడా తెచ్చుకున్నట్టే. డెంటల్ కాలేజీల రేటు అసలే పెట్టుకోవద్దు. భీమవరం, అమలాపురం, రాజమండ్రి పరిసరాల్లో కాలేజీలున్నాయి. అక్కడ తక్కువకి చేస్తారు, ఎందుకంటే పని నేర్చుకునే విద్యార్థుల చేతుల ఖర్చు ఆ బిల్లులో ఉండదు. వాళ్ళతో శిబిరాలు పెట్టించుకోండి, మంచిదే. రేటు మాత్రం మీది మీరు కట్టుకోండి.

షీటులో కనపడని ఖర్చులు

కుర్చీ, కంప్రెసర్, ఆవిరి వేడితో పరికరాల మీది క్రిముల్ని చంపే ఆటోక్లేవ్, ఎక్స్‌రే: వీటిని ఎవరూ మరిచిపోరు, ఎందుకంటే దాతల పేర్లు వాటి మీదే రాస్తారు. మరిచిపోయేవి వేరే ఉన్నాయి.

హ్యాండ్‌పీస్ సంగతి చూడండి. పన్ను తొలిచే ఆ చిన్న మర నిమిషానికి లక్షల చుట్లు తిరుగుతుంది. ఒక నోట్లో పెట్టినదాన్ని ఆటోక్లేవ్ చేయకుండా ఇంకో నోట్లో పెట్టకూడదు. కాబట్టి కుర్చీకి ఒకటి చాలదు, నాలుగైనా తిప్పుతూ ఉండాలి. వేడికి, వాడకానికి లోపలి బేరింగులు అరిగిపోతాయి, కార్ట్రిడ్జి మార్చాలి. పైగా సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. కాట్రేనికోన, సఖినేటిపల్లి, మొగల్తూరు తీరాల వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఆ నీళ్ళు ట్యాంకులో పోస్తే సన్నటి పైపులు గారకట్టిపోతాయి. కుర్చీకి శుద్ధి చేసిన నీళ్ళు, ఆటోక్లేవ్‌కి డిస్టిల్డ్ వాటర్ కొనాలి. ఏడాది ఖర్చులో ఇది చిన్న అంకె, కానీ దీనికి డబ్బు లేకపోతే ఆగేది మొత్తం కుర్చీ.

ఇంకా: కంప్రెసర్ నడిచేంత జెనరేటరు, దాని డీజిలు. ఎక్స్‌రేకి అణుశక్తి నియంత్రణ మండలి రిజిస్ట్రేషన్. వ్యర్థాలు తీసుకెళ్ళే ఏజెన్సీకి నెలనెలా కట్టేది. కట్టుడు పళ్ళు చేసే ల్యాబు బిల్లు, సెట్టు సరిపోక మళ్ళీ పంపితే రెండో బిల్లు. అసిస్టెంటు జీతం, ఎందుకంటే రెండు చేతులతో పళ్ళ పని జరగదు. వైద్య సేవకి జీఎస్టీ లేదు కాబట్టి మీరు కొన్న సామాను మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు. కొటేషన్లు పన్నుతో కలిపే తీసుకోండి. సామాను 8 లక్షలదై, ఎనిమిదేళ్ళు పనిచేస్తుందనుకుంటే ఏటా లక్ష పక్కన పెట్టాలి. సీఎస్ఆర్ వాళ్ళు మొదటిసారి ఇస్తారు. రెండోసారి అదే కుర్చీకి ఇస్తారని రాసుకోకండి.

గోదారిని, పంటల్ని క్యాలెండరులో పెట్టండి

పన్నెండుతో భాగించి నెల బడ్జెట్ వేయడం మన దగ్గర కుదరదు. జులై నుంచి సెప్టెంబరు దాకా ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు తాకితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జులైలో మూడోది దాటిపోయింది. అలాంటప్పుడు లంకల నుంచి ఎవరూ పంటి నొప్పితో రారు, మీ డాక్టరుని కూడా వరద శిబిరంలో డ్యూటీకి వేస్తారు. సార్వా కోతలు, దాళ్వా నాట్లు పడ్డ వారాల్లో కూలివాళ్ళు రారు. సంక్రాంతికి వారం ముందు నుంచీ ఖాళీ, తర్వాత వారం రద్దీ. మొబైల్ వ్యాన్ పెట్టేటట్టయితే కాజ్‌వేలు మునిగే రోజులు తీసేసి ట్రిప్పులు లెక్కించండి. దాని డ్రైవరు జీతం మాత్రం పన్నెండు నెలలూ ఉంటుంది.

రెండుసార్లు లెక్కపెట్టినవి తీసేయండి

బడి పిల్లల్ని 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు చూస్తున్నాయి, వాళ్ళ జాబితాలో పళ్ళ సమస్యలూ ఉన్నాయి. అదే పిల్లాడు మీ శిబిరంలోనూ ఉంటాడు, సీహెచ్‌సీ రిజిస్టరులోనూ ఉంటాడు. ఒక మనిషికి మూడు తలలు వేయకండి. ప్రభుత్వం ఇప్పటికే జీతమిస్తున్న డాక్టరుని మీ ఖర్చులో రాయకూడదు. ఆయన్ని మీ శిబిరానికి తీసుకొచ్చిన రోజున ఆసుపత్రి ఓపీ ఖాళీ అవుతుందన్నది మాత్రం రాయాలి.

మన లంక పొగాకు చుట్టలు తాగే పెద్దవాళ్ళ నోళ్ళు తప్పకుండా చూడాలి. అనుమానం ఉన్న మచ్చ కనిపిస్తే బయాప్సీ, రాజమండ్రికో కాకినాడకో వెళ్ళే ఛార్జీలు మీ పద్దులో పెట్టండి. క్యాన్సర్ ఆపరేషన్, రేడియేషన్ ఖర్చు పెట్టకండి, దానికి రాష్ట్ర వైద్య సేవ పథకం, ఆయుష్మాన్ భారత్ ఉన్నాయి. పిప్పి పన్ను నింపడం, రూట్ కెనాల్ లాంటి రోజువారీ పనులకి మాత్రం ఆ కార్డులు పనికిరావు. మీ పథకం అవసరం అక్కడే ఉంది.

‘ముందే నయం చేస్తే తర్వాత ఇంత మిగులుతుంది’ అని ఆదా చూపించాలనిపిస్తుంది. నిజమే, మిగులుతుంది. కానీ ఆ మిగులు పేషెంటు జేబులోనో, పెద్దాసుపత్రి పద్దులోనో పడుతుంది, మీ ఖాతాలో పడదు. దాన్ని వేరే పేరాలో చెప్పండి. మీ ఖర్చులోంచి తీసివేయకండి.

పన్ను పీకడం మాత్రమే పెట్టి ఖర్చు తగ్గించుకునే సలహా ఒకటి ఎవరో ఇస్తారు. అంకె నిజంగానే సగానికి పడిపోతుంది. కాని ముప్పై ఏళ్ళ కూలి మనిషికి నమిలే పళ్ళు తీసేసి పంపడాన్ని పళ్ళ వైద్యం అనడానికి నాకు మనసొప్పదు. డబ్బు నిజంగా తక్కువైతే పిల్లలకి గ్లాస్ అయోనమర్ సిమెంటుతో నింపడం, పిప్పిని ఆపే సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ పూయడం పెట్టండి. వీటికి డ్రిల్లు, కరెంటు పెద్దగా అక్కర్లేదు, లంకలోని బడి వరండాలో కూడా చేయొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ రెండింటినీ, ఫ్లోరైడ్ టూత్‌పేస్టునీ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

ఐదేళ్ళకి, మూడు రకాలుగా

24 లక్షలని ఐదుతో హెచ్చవేస్తే 120 లక్షలు. ఏటా 6 శాతం పెరిగితే ఐదో ఏడు ఖర్చే 30 లక్షలు దాటుతుంది, మొత్తం 135 లక్షలవుతుంది. ఆ 15 లక్షల తేడాకే నాలుగో ఏట అసిస్టెంటుని మాన్పించేస్తారు.

చివరికి ఒక్క అంకె ఇవ్వకండి. తక్కువమంది వస్తే, అనుకున్నంత మంది వస్తే, విరగబడి వస్తే అని మూడు ఇవ్వండి. ఎర్ర రంగు వేసి వదిలేసిన గళ్ళు గుర్తున్నాయి కదా, వాటిని ఒక్కొక్కటిగా సగం చేసి, రెట్టింపు చేసి మొత్తం ఎంత మారుతుందో చూడండి. ఏ గడి కదిపితే మొత్తం బాగా ఊగుతుందో ఆ గడి కోసం ఇంకో వారం తిరగండి. మిగతావాటి గురించి టెన్షన్ పడక్కర్లేదు. విరగబడి వస్తే ఏం చేస్తారో కూడా ముందే రాసి ఒప్పించుకోండి: వరస ఎలా, ఎవరు ముందు, ఏ పని ఆపుతారు.

పథకం మొదలైన ఆరో నెలలో రిజిస్టరుని షీటు పక్కన పెట్టి ప్రతి గడీ సరిచూసే రోజుకి ఇప్పుడే తేదీ వేసి, డబ్బిచ్చేవాళ్ళతో రాసుకునే ఒప్పందంలోనే ఆ తేదీ పెట్టించండి. ఏప్రిల్‌లో మొదలైతే ఆరో నెల సెప్టెంబరు, వరద రోజులు. అక్టోబరు చివరికి వేసుకోండి.